1802లో చట్టం, 1847లో పది గంటలు: మధ్యలో 45 ఏళ్లు ఏం జరిగింది?

మేడమ్, ముందు మీ ప్రశ్నని క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థమవుతుంది. మీరు తొమ్మిదో తరగతికి పారిశ్రామిక విప్లవం పాఠం చెబుతుంటే ఒక అబ్బాయి లేచి, "ఇంగ్లండులో పిల్లల కోసం 1802లోనే చట్టం వచ్చింది కదా టీచర్, మరి మళ్లీ 1819, 1833, 1844, 1847 అంటూ ఇన్నిసార్లు ఎందుకు చేశారు?" అని అడిగాడన్నారు. స్టాఫ్‌రూమ్‌లో ఈ మాటే వస్తే ఇంకో మాస్టారు, "పోరాటం లేదు, పాడూ లేదు, మిషన్లు మెరుగయ్యాక పిల్లల అవసరం తీరిపోయింది" అని తేల్చేశారన్నారు. ఇద్దరికీ ఏం చెప్పాలి అన్నది మీ ప్రశ్న. క్లాసు పోస్టరు కోసం ఒక ఫోటో కూడా పెట్టి దాని గురించి అడిగారు.

నేను చరిత్ర లెక్చరర్ని కాను. కార్మిక శాఖలో తనిఖీలు చేసి రిటైరైనవాణ్ణి. ఈ చరిత్ర ఉద్యోగంలో చేరాక, ఇంతకీ మా కుర్చీ ఎక్కడ పుట్టిందో తెలుసుకుందామని చదివాను. అందుకే మీ స్టూడెంట్ అడిగింది నాకు చాలా దగ్గరి ప్రశ్న. చట్టం గెజిట్‌లో ఉండటం వేరు, మిల్లు గేటు దగ్గర నిలబడి దాన్ని అమలు చేయడం వేరు. నేను చదివినంతలో ఆ 45 ఏళ్ల గొడవంతా రెండే విషయాల చుట్టూ తిరిగింది. ఈ పిల్ల వయసెంత? ఇప్పుడు టైమెంత? ఈ రెండింటికీ నమ్మదగిన జవాబు దొరికేదాకా ఏ చట్టమూ పనిచేయలేదు.

మొదటి తరం మిల్లు పిల్లలు ఎవరో చూస్తే 1802 చట్టం ఎందుకు వట్టిపోయిందో తెలుస్తుంది. ఆర్క్‌రైట్ 1771లో క్రామ్‌ఫర్డ్‌లో పెట్టిన మిల్లు నీటి చక్రంతో నడిచింది, ఆ తర్వాత వచ్చినవీ చాలావరకు అంతే. నీళ్లు జోరుగా పారే లోయల్లో పెద్ద ఊళ్లు ఉండవు, పనివాళ్లు దొరకరు. అందుకని పట్నాల్లో దిక్కులేని పిల్లల్ని ఉంచే వర్క్‌హౌసుల నుంచి పిల్లల్ని బండ్ల మీద తెచ్చుకునేవాళ్లు. పేరుకి అప్రెంటిస్‌లు. 21 ఏళ్లు వచ్చేదాకా కట్టుబడి ఉండాలి. అలా వెళ్లినవాళ్లలో రాబర్ట్ బ్లిన్‌కో ఒకడు. లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ వర్క్‌హౌస్ నుంచి 1799లో, ఏడేళ్ల వయసులో, సుమారు 80 మంది పిల్లలతో పాటు నాటింగ్‌హామ్ దగ్గరి లౌడ్‌హామ్ మిల్లుకి పంపారు. పంపేముందు పిల్లల్ని మభ్యపెట్టారు. అక్కడ మీకు వేయించిన మాంసం, ప్లమ్ పుడ్డింగ్ పెడతారు, యజమానుల గుర్రాలెక్కి తిరగొచ్చు, జేబులో వెండి గడియారం ఉంటుంది అని. పిల్లలు ఎగిరి గంతేశారట. వెళ్లాక దొరికినవి గంజి, బెల్టు దెబ్బలు. అక్కణ్నుంచి డెర్బీషైర్‌లోని లిట్టన్ మిల్లుకి మార్చారు, అది ఇంకా ఘోరం. అతని కథ 1828లో ఒక పత్రికలో వచ్చింది, 1832లో మాంచెస్టర్ నూలు కార్మిక నాయకుడు జాన్ డోహర్టీ పుస్తకంగా వేశాడు. పిల్లలకి చెప్పేటప్పుడు ఆ వెండి గడియారం ముక్క వదలకండి. ముందు ముందు మళ్లీ గడియారం దగ్గరికే వస్తాం.

1802 చట్టం తెచ్చింది సర్ రాబర్ట్ పీల్. తర్వాత ప్రధాని అయిన పీల్ కాదు, ఆయన తండ్రి. ఆయనే పెద్ద మిల్లు యజమాని. 1784లో రాడ్‌క్లిఫ్‌లోని ఆయన మిల్లులో జ్వరాలు ప్రబలితే, డాక్టర్ థామస్ పెర్సివల్ బృందం వెళ్లి చూసి, రాత్రి పని, గాలాడని గదులు అంటూ వేలెత్తి చూపింది. చట్టంలో రాసినవి చూస్తే లోపల ఎలా ఉండేదో తెలుస్తుంది: అప్రెంటిస్‌లకి రోజుకి 12 గంటలకి మించి పని వద్దు, ఏడాదికి రెండుసార్లు గోడలకి సున్నం వేయాలి, ఏడాదికి ఒక జత బట్టలివ్వాలి, ఒక మంచం మీద ఇద్దరికి మించి పడుకోబెట్టకూడదు. ఇద్దరికి మించి! చట్టంలో అలా రాయాల్సి వచ్చిందంటే అంతకుముందు ఎంతమంది పడుకునేవాళ్లో ఊహించుకోండి.

మరి చూసేదెవరు? స్థానిక మేజిస్ట్రేట్లు ఇద్దరు సందర్శకుల్ని వేయాలి, ఒకరు మేజిస్ట్రేటు, ఒకరు చర్చి ఫాదర్. జీతం లేదు. మేజిస్ట్రేటు మిల్లు ఓనరుతో కలిసి భోంచేసే మనిషి. మా రోజుల్లోనూ ఊరి పెద్దమనుషుల కమిటీ వేసి "మీరే చూసుకోండి" అంటే ఏం జరిగేదో నాకు తెలుసు కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు. ఈలోగా ఆవిరి యంత్రాలొచ్చి మిల్లులు లోయలు వదిలి పట్నాలకి చేరాయి. అక్కడ అప్రెంటిస్‌ల అవసరమే లేదు. అమ్మానాన్నలతో ఉండే పిల్లలే పొద్దున్నే వచ్చి పని చేసి రాత్రికి ఇంటికి పోయేవాళ్లు. చట్టం అప్రెంటిస్‌ల గురించే మాట్లాడింది, వీళ్ల ఊసే లేదు.

1819 చట్టం ఆ లోటు తీర్చబోయింది. స్కాట్లాండులో న్యూ లానార్క్ మిల్లు నడిపిన రాబర్ట్ ఓవెన్ పదేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం మానేసి, వాళ్లకి బడి పెట్టి, అయినా లాభాలు చూపించినవాడు. పదేళ్లలోపు వద్దు, పదిన్నర గంటలకి మించొద్దు అన్నది ఆయన ప్రతిపాదన. పార్లమెంటులో నాలుగేళ్లు నలిగి బయటికొచ్చేసరికి అది తొమ్మిదేళ్లు, 12 గంటలు అయింది. అదీ నూలు మిల్లులకే. ఉన్ని, అవిసె, పట్టు మిల్లులకి వర్తించదు. ఇన్‌స్పెక్టర్లు అప్పుడూ లేరు. ఆ విచారణల్లోనే, 1818లో, ఒక మాంచెస్టర్ డాక్టరుగారిని పిల్లవాణ్ణి 24 గంటల్లో 23 గంటలు నిలబెడితే ఆరోగ్యానికి హానేనా అని అడిగారు. పరీక్షించి చూడకుండా చెప్పలేనన్నాడాయన. మిల్లు ఓనర్ల తరఫు సాక్షి లెండి.

అసలు ఉద్యమం అనదగ్గది 1830లో మొదలైంది, అదీ అనుకోని చోట. రిచర్డ్ ఓస్ట్లర్ అనే ఆయన హడర్స్‌ఫీల్డ్ దగ్గర ఫిక్స్‌బీ హాల్ ఎస్టేటుకి మేనేజరు. మన భాషలో జమీందారు దివాను అనుకోండి. ఛాందసుడే, రాజుకీ చర్చికీ వీరవిధేయుడు, అమెరికా, వెస్టిండీస్ బానిసత్వం మీద మాత్రం కోపం. 1830 సెప్టెంబరులో బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లు యజమాని జాన్ వుడ్ ఇంట్లో ఒక రాత్రి ఆగాడు. వుడ్ ఆయనతో, ఎక్కడో ఉన్న బానిసల గురించి ఇంత బాధపడతావు, మన మిల్లుల్లో పిల్లల సంగతి తెలుసా అని మొత్తం చెప్పాడు. తెల్లారాక మంచం దగ్గరికి పిలిచి, చెయ్యి పట్టుకుని, రాత్రంతా నిద్రపట్టలేదు, దీని మీద ఏదైనా చేస్తానని మాటివ్వు అన్నాడు. ఏళ్ల తరబడి ఆ మిల్లుల మధ్యే తిరిగిన ఓస్ట్లర్‌కి అప్పటిదాకా ఇది తట్టలేదట. అదే నెల 29న 'యార్క్‌షైర్ బానిసత్వం' అనే శీర్షికతో లీడ్స్ మెర్క్యురీ పత్రికకి ఉత్తరం రాశాడు. అక్టోబర్ 16న అచ్చయింది. బానిసత్వ వ్యతిరేక సభలు జరిగే ఈ ఊళ్ల వీధుల్లోనే, ఓవర్‌సీయర్ బెల్టుకి భయపడి ఏడుస్తూ పనికెళ్లే పిల్లలున్నారు అన్నది అందులో సారాంశం.

మిల్లు యజమానే ఈ పని ఎందుకు చేయించాడు అని పిల్లలు తప్పక అడుగుతారు. వుడ్ మంచివాడు కాబట్టి అంటే సగం జవాబే. ఒక్కడే గంటలు తగ్గిస్తే పక్క మిల్లువాడు చౌకగా అమ్మి ఇతన్ని ముంచేస్తాడు. అందరికీ ఒకే చట్టం ఉంటేనే మంచివాడు మంచివాడుగా బతకగలడు. 1847 చట్టం తెచ్చిన జాన్ ఫీల్డెన్ కూడా టాడ్‌మోర్డెన్‌లో పెద్ద మిల్లు ఓనరే. చిన్నప్పుడు తండ్రి మిల్లులో తనే పని చేశాడు కాబట్టి పది గంటలు పిల్లల కాళ్లకి ఏం చేస్తాయో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఉత్తరం అచ్చయ్యాక కార్మికులు ఓస్ట్లర్ ఇంటికొచ్చారు. వాళ్లు రాడికల్స్ (పెద్ద మార్పులు కోరేవాళ్లు), ఈయన టోరీ (రాజు, చర్చి పక్షం), అంటే ఓట్ల దగ్గర బద్ధశత్రువులు. 1831 జూన్‌లో ఫిక్స్‌బీ హాల్లో ఒప్పందం చేసుకున్నారు: రాజకీయాలు పక్కన పెట్టి ఈ ఒక్క పని మీద కలిసి నడుద్దాం అని. పని గంటలు తగ్గించాలంటూ ఊరూరా 'షార్ట్ టైమ్ కమిటీలు' లేచాయి. బియర్లీ చర్చి ఫాదర్ జార్జ్ బుల్ చేరాడు. 1832 ఏప్రిల్‌లో ఈస్టర్ రోజుల్లో లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్, హడర్స్‌ఫీల్డ్ వైపు నుంచి వేలమంది, వాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు కూడా, వానలో నడిచి యార్క్ కోట మైదానానికి చేరారు. లీడ్స్ నుంచే 40 కిలోమీటర్లు. మనకి పాదయాత్రలు కొత్త కాదు కాబట్టి ఆ సీను మీ పిల్లలు సులభంగా ఊహించుకోగలరు.

అదే ఏడు మైఖేల్ శాడ్లర్ అనే ఎంపీ పది గంటల బిల్లు పెట్టాడు. పార్లమెంటు కమిటీ వేసింది, శాడ్లరే అధ్యక్షుడు. 80 మందికి పైగా సాక్షులు చెప్పారు, వాళ్లలో చాలామంది మిల్లుల్లో పెరిగినవాళ్లు. మీకు క్లాసులో చదివి వినిపించడానికి ఒక్క సాక్ష్యం చాలు. ఎలిజబెత్ బెంట్లీ. అప్పటికి ఆమెకి 23 ఏళ్లు, ఊరు లీడ్స్. ఆరేళ్ల వయసులో అవిసె మిల్లులో డాఫర్‌గా చేరింది. నిండిన కండెలు తీసి ఖాళీవి పెట్టడమే డాఫింగ్. మన స్పిన్నింగ్ మిల్లుల్లో ఇప్పటికీ ఆ మాటే వాడతారు. ఫ్రేములు చాలా ఉంటాయి, జోరుగా తిరుగుతాయి, కూర్చునే వీలుండదు. మామూలు రోజుల్లో పొద్దున ఆరింటి నుంచి రాత్రి ఏడింటిదాకా. గిరాకీ ఉంటే అయిదింటి నుంచి తొమ్మిదింటిదాకా. మధ్యాహ్నం 40 నిమిషాలు ఖాళీ. కాస్త వెనకబడితే ఏం చేసేవాళ్లు అంటే, బెల్టుతో కొట్టేవాళ్లు అంది.

తర్వాత కమిటీ అడిగింది, మిల్లు ఇంటికి దూరమా అని. రెండు మైళ్లు. ఇంట్లో గడియారం ఉందా? లేదు. మరి ఆలస్యమైతే? పావుగంట ఆలస్యానికి అరగంట కూలి కోసేవాళ్లు. గంటకి ఒక పెన్నీ కూలి. మరి టైముకి ఎలా వెళ్లేదానివి? అప్పుడు ఆమె వాళ్లమ్మ సంగతి చెప్పింది. బొగ్గు గని కూలీలు తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకి ఆ దారిన పనికెళ్లేవాళ్లు. వాళ్ల అలికిడి వినబడగానే తల్లి వెచ్చటి పక్క దిగి, బయటికెళ్లి టైమెంతయిందని అడిగేది. ఒక్కోసారి అంచనా తప్పేది. జోరున కురిసే వానలో, రాత్రి రెండింటికే ఆ పిల్ల మిల్లు దగ్గరికి చేరి, తలుపు తెరిచేదాకా బయట నిలబడేది.

ఆ ఇంట్లో గడియారం లేదు, గడియారం ఉన్నవాడి దగ్గర జాలి లేదు. నేను మొదట చదివినప్పుడు ఈ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పదమూడేళ్లప్పటి నుంచి బరువు బుట్టలు లాగి లాగి ఆమె ఒళ్లు వంకర తిరిగింది. సాక్ష్యం చెప్పేనాటికి హన్‌స్లెట్‌లో పేదల్ని ఉంచే ఆశ్రమంలో ఉంది. పాత యజమానులెవరైనా చూడ్డానికి వచ్చారా అంటే, లేదు అంది.

ఈ రిపోర్టు మీద విమర్శలూ ఉన్నాయి, అవి కూడా పిల్లలకి చెప్పాలి. సాక్షులు ప్రమాణం చేయలేదు, యజమానుల వైపు వాదన వినకుండానే వెలువడింది. కార్మికుల పక్షాన రాసిన ఎంగెల్సే దాన్ని ఏకపక్షమన్నాడు. శాడ్లర్ 1832 డిసెంబర్ ఎన్నికల్లో లీడ్స్‌లో ఓడిపోయాడు కూడా. బిల్లు లార్డ్ ఆష్లీ చేతికొచ్చింది, తర్వాత లార్డ్ షాఫ్ట్స్‌బరీ అయినాయన ఆయనే. ప్రభుత్వం ఎడ్విన్ చాడ్విక్ లాంటివాళ్లతో కొత్త కమిషన్ వేసింది. ఉద్యమకారులు ఇది వాయిదా నాటకమని, లీడ్స్, మాంచెస్టర్లలో కమిషనర్ల ముందు పిల్లలతోనే ఊరేగింపులు తీశారు. తీరా చూస్తే ఆ కమిషను కూడా పిల్లల చేత మోయలేనంత పని చేయిస్తున్నారనే తేల్చింది.

ఇక్కడొక రాజకీయ కిటుకు ఉంది, పాఠ్యపుస్తకాల్లో రాదు. ఉద్యమం అడిగింది 18 లోపువాళ్లందరికీ పది గంటలు. పిల్లలు లేకపోతే మ్యూల్ అనే నూలు వడికే యంత్రం నడవదు, తెగిన దారం అతికేవాడు ఉండాలి. అంటే పిల్లలకి పది గంటలైతే పెద్దలకీ పది గంటలే అవుతాయి. పెద్దల పని గంటలు తగ్గించమని నేరుగా అడిగితే ఆనాటి పార్లమెంటు వినేది కాదు, అందుకే పిల్లల్ని ముందు పెట్టారు. కమిషను దీన్ని పసిగట్టి, ఇంకో అడుగు ముందుకేసి దెబ్బకొట్టింది: 13 లోపు పిల్లలకి ఎనిమిది గంటలే చాలు అంది. వినడానికి ఇంకా బావుంది కదా? ఎనిమిది గంటలంటే రెండు బ్యాచ్‌ల పిల్లల్ని మార్చి మార్చి వాడుకోవచ్చు, పెద్దల చేత మాత్రం మునుపట్లాగే చేయించుకోవచ్చు. ఓస్ట్లర్ మండిపడ్డాడు.

అయినా 1833 చట్టమే నా లెక్కలో అసలు మలుపు. తొమ్మిదేళ్లలోపు పిల్లలు బట్టల మిల్లుల్లో వద్దు (పట్టు మిల్లులకి మినహాయింపిచ్చారు), 9 నుంచి 13 దాకా వారానికి 48 గంటలు, 18 దాకా వారానికి 69, రాత్రి పని నిషేధం, రోజుకి రెండు గంటల బడి. ఇవన్నీ కంటే ముఖ్యం, జీతం తీసుకునే నలుగురు ఇన్‌స్పెక్టర్లు. దేశమంతా సుమారు 3,000 మిల్లులకి నలుగురు! కానీ ఎప్పుడైనా లోపలికి వెళ్లొచ్చు, ఊరి మేజిస్ట్రేటు మొహమాటం లేదు, చూసింది నేరుగా లండన్‌కి రాస్తారు. వాళ్లలో లియొనార్డ్ హార్నర్ పాతికేళ్లకి పైగా ఆ పని చేశాడు. ఆ రిపోర్టులు చదువుతుంటే సీనియర్ ఆఫీసరు ఎవరో పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది.

ఇక వయసు గొడవ. ఇంగ్లండులో జననాల రిజిస్ట్రేషన్ 1837 జూలైలో గానీ మొదలు కాలేదు. 1833లో ఎదురుగా నిలబడ్డ పిల్లకి తొమ్మిది నిండాయని ఎలా తెలుసుకోవాలి? ఒక డాక్టరు చూసి, తొమ్మిదేళ్ల పిల్లకి మామూలుగా ఉండే ఎత్తూ బలమూ ఉన్నాయి అని సర్టిఫికెట్ ఇస్తే చాలన్నారు. ఇంకేం, పెద్దక్కని డాక్టరు దగ్గరికి పంపి, ఆ కాగితంతో చెల్లెల్ని మిల్లుకి పంపిన అమ్మానాన్నలున్నారు. ఎడ్విన్ సాండర్స్ అనే దంతవైద్యుడు వెయ్యి మందికి పైగా పిల్లల పళ్లు చూసి, ఎత్తు కంటే పళ్లని బట్టి వయసు సరిగ్గా తెలుస్తుందని 1837లో పార్లమెంటు సభ్యుల కోసం చిన్న పుస్తకమే వేశాడు.

నవ్వకండి, 150 ఏళ్ల తర్వాత మేమూ అదే చేశాం. ఒకసారి ఒక మిఠాయి దుకాణం వెనక వంటశాలలోకి వెళితే, పెనం దగ్గర నిలబడ్డ కుర్రాడు నేను నోరు తెరవకముందే "పదిహేను సార్" అన్నాడు. పాలపళ్లు ఇంకా పూర్తిగా ఊడలేదు. ఓనరు మా బావమరిది కొడుకే, సెలవులకి వచ్చాడన్నాడు. బడి రికార్డు తెప్పిస్తే పుట్టినరోజు జూన్ నెల. మన దగ్గర పాత తరంలో సగం మంది జూన్‌లోనే పుట్టారు, బడిలో చేర్చే రోజు హెడ్‌మాస్టారు వేసిన తేదీ అది. చివరికి ప్రభుత్వ డాక్టరు పళ్లు చూసి, మణికట్టు ఎక్స్‌రే తీయించి, రెండేళ్లు అటూ ఇటూ అని రాసిచ్చాడు. మా కేసు మొత్తం ఆ 'అటూ ఇటూ' లోనే కొట్టుకుపోయింది. హార్నర్ బాధ నాకు బాగా అర్థమైంది.

అమ్మానాన్నల్ని మాత్రం తిట్టుకోవద్దని పిల్లలకి చెప్పండి. ఆ ఇళ్లలో చాలామంది తండ్రులు చేమగ్గం నేసేవాళ్లు, మరమగ్గాలొచ్చి కూలి పడిపోయినవాళ్లు. అదే లాంకషైర్ (ఇంగ్లండులో నూలు మిల్లుల ప్రాంతం) బట్ట మన కోస్తా నేతగాళ్ల పొట్ట కొట్టిన కాలం కూడా అదే. పిల్ల తెచ్చే రెండు మూడు షిల్లింగులతోనే ఇంట్లో పొయ్యి వెలిగేది.

టైము గొడవ ఇంకా పదిహేనేళ్లు సాగింది. పొద్దున గడియారం ముందుకి, సాయంత్రం వెనక్కి తిప్పే ఓనర్లుండేవాళ్లు. కూలీ దగ్గర సొంత వాచీ ఉంటే అనుమానంగా చూసేవాళ్లు. అందుకే 1844 చట్టంలో, మిల్లు గంటలు ఊళ్లో అందరికీ కనబడే పబ్లిక్ గడియారాన్ని బట్టి లెక్కించాలని రాశారు. నాకైతే ఆ చట్టం మొత్తంలో గొప్ప వాక్యం అదే. యంత్రాలకి కంచె కట్టాలని, ఆడవాళ్లకి 12 గంటల పరిమితి అని కూడా అందులోనే వచ్చింది. కానీ 13 లోపు పిల్లల్ని సగం రోజు మిల్లు, సగం రోజు బడి అని 'హాఫ్ టైమర్లు'గా మార్చి, కనీస వయసుని తొమ్మిది నుంచి ఎనిమిదికి దించారు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకోవడం అంటే ఇదే.

1847 జూన్‌లో ఫీల్డెన్ పది గంటల చట్టం వచ్చింది, ఆడవాళ్లకి, 18 లోపువాళ్లకి. దానికి పదేళ్ల ముందే ఆక్స్‌ఫర్డ్ ఆర్థికవేత్త నాసా సీనియర్, మిల్లు లాభమంతా చివరి గంటలోనే వస్తుంది, అది తీసేస్తే పరిశ్రమ పోతుంది అని లెక్కలు కట్టాడు. ఆ గంట పోయినా పరిశ్రమకేం కాలేదు. ఓనర్లు వేరే దారి వెతికారు. పొద్దున అయిదున్నర నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా మిల్లు తెరిచి ఉంచి, ఒక్కొక్కరినీ మధ్యలో కొన్ని గంటలు బయటికి పంపి మళ్లీ పిలిచేవాళ్లు. ఎవరెప్పుడు పనిలో ఉన్నారో ఇన్‌స్పెక్టరు పట్టుకోలేడు. 1850లో కోర్టు ఇది తప్పు కాదంది. చివరికి అదే ఏడు కొత్త చట్టం చేసి, ఆరు నుంచి ఆరు, మధ్యలో తిండికి గంటన్నర, శనివారం మధ్యాహ్నం రెండింటికే బంద్ అని గీత గీశారు. పది పోయి పదిన్నర అయింది. కానీ మొదటిసారి గేటు దగ్గర నిలబడ్డవాడికి లెక్క కట్టడం తేలికైంది. ఓస్ట్లర్ ఈలోగా ఎస్టేటు అప్పు తీర్చలేదని 1840 నుంచి 1844 దాకా లండన్ ఫ్లీట్ జైల్లో ఉండొచ్చాడు, అక్కణ్నుంచే వారపత్రిక నడిపాడు.

గనుల కథ వేరు, పొడుగు, ఇక్కడ ఒక్క ముక్కే. 1838 జూలై 4న యార్క్‌షైర్‌లోని హస్కర్ గనిలో గాలివాన నీళ్లు దూసుకొచ్చి 26 మంది పిల్లలు చనిపోయారు, చిన్నవాళ్లకి ఏడెనిమిదేళ్లు. ఆష్లీ అడిగి వేయించిన కమిషన్ 1842లో రిపోర్టిచ్చింది. అందులో ఎనిమిదేళ్ల సారా గూడర్ ఉంది. గనిలో గాలి తలుపు తాడు లాగుతూ చీకట్లో ఒక్కతే కూర్చునే పని. దీపం ఉంటే పాట పాడుకుంటాను, చీకట్లో పాడను, ధైర్యం చాలదు అని చెప్పింది. ఆ ఏడు ఆగస్టులో వచ్చిన చట్టం ఆడవాళ్లని, పదేళ్లలోపు మగపిల్లల్ని గని లోపలి పని నుంచి తీసేసింది. ఆష్లీ అడిగింది 13 ఏళ్లు, గని యజమానులు నిండిన ప్రభువుల సభ పదికి దించింది.

ఇప్పుడు మీ స్టాఫ్‌రూమ్ మాస్టారి మాట. ఆయనన్నది పూర్తిగా కొట్టిపారేయలేం. కొంతమంది ఆర్థిక చరిత్రకారులు ఈ వాదన గట్టిగానే చేశారు. తనంతట తానే నడిచే మ్యూల్ యంత్రాలు, పెద్దల కూలి పెరగడం పిల్లల గిరాకీని కొంత తగ్గించిన మాట నిజం. కానీ మిషన్లే కారణమైతే మిల్లుల్లో పిల్లల సంఖ్య తగ్గుతూనే పోవాలి కదా? అలా జరగలేదు. 1833 తర్వాత తగ్గిన చిన్నపిల్లలు, హాఫ్ టైమ్ దారి తెరుచుకున్నాక 1850ల నుంచి నూలు మిల్లుల్లో మళ్లీ పెరిగారు, అప్పటికి యంత్రాలు ఇంకా మెరుగయ్యాయి. ఎక్కడ సందు ఉంటే అక్కడ పిల్లలు దూరారు. చిమ్నీలు ఊడ్చే పిల్లల్ని చూడండి: పొడుగు బ్రష్షులు వచ్చి దశాబ్దాలైనా, 1788, 1834, 1840, 1864 చట్టాలున్నా, 1875లో జార్జ్ బ్రూస్టర్ అనే కుర్రాడు చిమ్నీలో ఇరుక్కుని చనిపోయాడు. చిమ్నీ ఊడ్చేవాళ్లకి పోలీసు లైసెన్సు తప్పనిసరి చేసిన చట్టం ఆ తర్వాతే వచ్చింది. ఇంగ్లండులో బడి 1880లో తప్పనిసరి అయినా, హాఫ్ టైమ్ పూర్తిగా పోవడానికి 1918 విద్యాచట్టం దాకా ఆగాల్సొచ్చింది.

ఈ హాఫ్ టైమ్ కథ మనదీ. మన మొదటి ఫ్యాక్టరీ చట్టం 1881లో వచ్చింది, ఏడేళ్లలోపు వద్దు, 12 దాకా తొమ్మిది గంటలు. బొంబాయి మిల్లుల చౌక సరుకు చూసి కంగారుపడ్డ లాంకషైర్ ఓనర్ల ఒత్తిడి దాని వెనక ఉంది, పిల్లల మీద ప్రేమ ఒక్కటే కాదు. నా సర్వీసులో చాలాకాలం మన దగ్గర ఉపాయం కూడా హాఫ్ టైమే: పగలు పని, రాత్రి బడి. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారి ఎంవీ ఫౌండేషన్ దీన్ని తిరగేసింది. పగటి బడికి పోని ప్రతి పిల్లా బాలకార్మికులే అని లెక్క కట్టి, పిల్లల్ని శిబిరాల్లో చదివించి నేరుగా పగటి బడిలో చేర్పించింది. పని గంటలెన్ని అని వెతికే బదులు హాజరు పట్టీలో పేరుందా లేదా చూస్తే చాలు. తనిఖీ చేసేవాడికి అంతకంటే తేలిక కొలత లేదు.

చివరగా మీరు అడిగిన పోస్టరు గురించి. మీరు పెట్టిన ఫోటోలో పెద్ద స్పిన్నింగ్ ఫ్రేము పక్కన నిలబడ్డ పిల్ల బొమ్మ చాలా బావుంది గానీ, అది ఇంగ్లండు కాదు, 1830లు అసలే కాదు. అది 1908 తర్వాత అమెరికాలో లూయిస్ హైన్ తీసినది. శాడ్లర్ కమిటీ నాటికి ఫోటోగ్రఫీ ఇంకా జనంలోకి రాలేదు. వాట్సాప్‌లో 'పారిశ్రామిక విప్లవం పిల్లలు' అంటూ తిరిగేవాటిలో చాలా హైన్‌వే. ఆ కాలపు బొమ్మే కావాలంటే 1842 గనుల రిపోర్టులో చెక్క మీద చెక్కి అచ్చేసిన బొమ్మలున్నాయి. నడుముకి బెల్టు, కాళ్ల మధ్య గొలుసు, వెనక బొగ్గు తొట్టి, మోకాళ్ల మీద పాకే పిల్ల. అది వేసుకోండి. కింద పేరు రాయాలనుకుంటే సారా గూడర్ అని మాత్రం రాయకండి, ఆమెది తలుపు తీసే పని, తొట్టి లాగేది కాదు.